ఆ చూపు ఎవరిది?

అరవైల చివర్లో, అమెరికాలోని న్యూజెర్సీలో ఒక కోర్టు. జడ్జి ముందు నిలబడినవాడికి ముప్ఫై కూడా రాలేదు, పెళ్ళి కాలేదు. పదమూడేళ్ళ ఒక నల్లజాతి పిల్లవాడిని తన సంరక్షణకి అప్పగించమని అడుగుతున్నాడు. ఆ పిల్లవాడికి చెవులు వినపడవు, మాట రాదు. ఏదో ఒక సంస్థలో చేర్చేసి చేతులు దులుపుకోవాలని ప్రభుత్వం చూస్తోంది. వీడికి తెలివుందని నువ్వెలా అనుకుంటున్నావని జడ్జి అడిగాడు. వీడికి హాస్యం తెలుసు, హాస్యం తెలిసినవాడికి తెలివి లేకుండా ఎలా ఉంటుందన్నాడు ఇతను. జడ్జి కదల్లేదు. ఆఖరికి, వీణ్ణి నాకు ఇవ్వకపోతే లోపల పెట్టి పోషించడానికి మీ రాష్ట్రానికి బోలెడు డబ్బు ఖర్చవుతుంది అన్నాడు. అవును, అదీ నిజమే అన్నాడట జడ్జి.

తెలివి వాదన ఓడిపోయింది, ఖర్చు వాదన గెలిచింది. కంపెనీల్లో బడ్జెట్ మీటింగులకి వెళ్ళే నాబోటివాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

ఆ యువకుడు రాబర్ట్ విల్సన్. ఆ పిల్లవాడు రేమండ్ ఆండ్రూస్. ఈ కథ మనకి తెలిసింది విల్సన్ చెప్పడం వల్లే. దశాబ్దాల పాటు ఇంటర్వ్యూల్లో, ఉపన్యాసాల్లో దీన్ని ఇంచుమించు ఇదే వరసలో చెబుతూ వచ్చాడు. అన్నిసార్లు చెప్పిన కథకి గరుకుతనం పోయి నునుపు వచ్చేస్తుంది. ఆ నునుపుని కొంచెం అనుమానిస్తూనే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. 2025 జులై 31న, ఎనభై మూడేళ్ళ వయసులో, న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్ మిల్‌లో విల్సన్ చనిపోయాడు. ఆ వారంలో నేను చదివిన నివాళుల్లో చాలావాటిల్లో ఆండ్రూస్‌కి ఒక పేరా దక్కింది. దాని తర్వాత 'ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్', ఆ తర్వాత ఒపేరా హౌసులు, అవార్డులు.

నన్ను పట్టుకున్నది ఆ ఒక్క పేరా. ఇంకొకరి మనసు పనిచేసే తీరుని మన కళకి ముడిసరుకు చేసుకున్నప్పుడు, అది వాళ్ళని వినడమా, వాడుకోవడమా? విల్సన్ జీవితం పొడుగునా ఈ ప్రశ్న ఉంది. కానీ అందరూ దాన్ని అడిగే చోట కాకుండా ఇంకోచోట అడగాలని నాకనిపిస్తోంది.

విల్సన్ 1941లో టెక్సస్‌లోని వేకో అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడు నత్తి. పదిహేడేళ్ళప్పుడు బర్డ్ హాఫ్‌మన్ అనే డాన్సు టీచరు దాన్ని పోగొట్టింది. ఆవిడ చేసిన వైద్యం పెద్దదేం కాదు: తొందరపడకు, ఒక్కో మాటకి కావలసినంత సమయం తీసుకో అంది. కొన్ని నెలల్లో మాట సాఫీ అయింది. 1968లో తన మొదటి నాటక బృందానికి అతను పెట్టుకున్నది ఆవిడ పేరే. ప్రపంచమంతా 'విల్సన్ నిదానం' అని చెప్పుకునేదానికి మొదటి విత్తనం అక్కడ పడింది. నిదానం అతనికి అలంకారం కాదు, మందు. నాకు ఈ వివరం ముఖ్యం. ఎందుకంటే ఆండ్రూస్‌ని కలిసేనాటికే, లోకం వేగానికి అందకపోవడం అంటే ఏమిటో విల్సన్‌కి స్వయంగా తెలుసు.

ఆండ్రూస్‌ని అతను మొదట చూసింది సమ్మిట్ అనే ఊళ్ళో, ఒక పోలీసు ఆ పిల్లవాడి మీదకి లాఠీ ఎత్తిన క్షణంలో. అడ్డుపడ్డాడు, స్టేషన్ దాకా వెంట వెళ్ళాడు. పిల్లవాడు పలకనిది పొగరుతో కాదు, వినపడక అని తర్వాత తెలిసింది. తన దగ్గరికి తెచ్చుకున్నాక విల్సన్ గమనించింది ఏమిటంటే, మాటలు లేని ఈ పిల్లవాడు ఆలోచించడం లేదనుకోవడం శుద్ధ తప్పు. వాడు చూపుతో ఆలోచిస్తున్నాడు. బొమ్మలు గీస్తాడు. గదిలో పదిమంది మాటల మీద ధ్యాస పెట్టి ఉన్నప్పుడు, ఎవరి భుజం ఎటు వాలిందో, ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో వాడికి కనిపిస్తుంది. మనం మాట వింటూ వదిలేసేదంతా వాడి లోకం.

ఆ రోజుల్లోనే డానియెల్ స్టెర్న్ అనే మనస్తత్వవేత్త తల్లులనీ పసిపిల్లలనీ సినిమా తీసి, ఆ ఫిల్మ్‌ని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తుండేవాడు. విల్సన్ ఆ ఫిల్ములు చూశాడు. బిడ్డ ఏడుస్తుంది, తల్లి ఎత్తుకుంటుంది. మామూలు వేగంలో అది వాత్సల్యం. ఫ్రేములుగా విడదీస్తే, మొదటి ఒకటి రెండు ఫ్రేముల్లో తల్లి బిడ్డ మీదకి విరుచుకుపడుతున్నట్టు ఉంటుంది, బిడ్డ ముఖంలో భయం కనిపిస్తుంది. సెకను తిరిగేలోపు అదంతా మాయమై ప్రేమ మాత్రం మిగులుతుంది. ఆ సినిమా చూపిస్తే తల్లులు హడలిపోయారని విల్సన్ చెప్పేవాడు. తల్లి చెడ్డదని దీని అర్థం కాదు. ఒక సెకనులో మన కంటికి అందనివి చాలా జరిగిపోతాయని మాత్రమే అర్థం. మరి అందేలా చెయ్యాలంటే? నిదానంగా చూడాలి. ఆండ్రూస్ ఎలాగూ అలాగే చూస్తున్నాడు.

1970లో అయోవాలో వేసిన 'డెఫ్‌మాన్ గ్లాన్స్' ఇందులోంచి పుట్టింది. పేరులోనే ఉంది: బధిరుడి చూపు. గంటల తరబడి సాగే నాటకం, సంభాషణల్లేవు. అందులో అందరూ గుర్తుపెట్టుకునే దృశ్యం ఒకటుంది. షెరిల్ సటన్ అనే నల్లజాతి నటి, మెడ దాకా మూసిన నల్ల గౌనులో, ఒక చిన్న బల్ల దగ్గర నిలబడి ఉంటుంది. పాలు గ్లాసులో పోస్తుంది. పిల్లాడికి తాగిస్తుంది. తిరిగి బల్ల దగ్గరికొచ్చి కత్తి తీసుకుంటుంది. పాలు తాగిన పిల్లాణ్ణి అంతే నిదానంగా, అంతే మెత్తగా, పొడిచి చంపుతుంది. తర్వాత మళ్ళీ పాలు, ఇంకో బిడ్డ, మళ్ళీ కత్తి. పాలు పోసే చేతికీ కత్తి పట్టే చేతికీ వేగంలో తేడా ఉండదు. ఒక పక్కన ఇదంతా చూస్తూ ఆండ్రూస్ ఉంటాడు. 1981లో విల్సన్ ఈ ఒక్క దృశ్యాన్నే వీడియోగా తీశాడు, సటన్‌తోనే. అందులో వంటగది, సింకు, పాలు, నిశ్శబ్దం. చూస్తుంటే మొదటి ఐదు నిమిషాలు విసుగొచ్చింది. ఆ తర్వాత లేచి మంచినీళ్ళు తెచ్చుకోవడానికి కూడా భయమేసింది.

1971లో ఈ నాటకం ఫ్రాన్స్ వెళ్ళింది. అధివాస్తవికత అనే మాట మనకి శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల పుణ్యమా అని తెలుసు. ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన లూయీ ఆరగాన్ పారిస్‌లో దీన్ని చూసి, అప్పటికి ఐదేళ్ళ క్రితమే చనిపోయిన తన పాత మిత్రుడు ఆంద్రే బ్రెటన్‌కి బహిరంగ లేఖ రాశాడు. మనం కలలు కన్నది ఇదిగో, వీళ్ళు చేసి చూపించారన్నది అందులో సారం. చనిపోయినవాడికి ఉత్తరం రాయించిన నాటకం! అక్కడి నుంచి విల్సన్ యూరప్ మనిషి అయిపోయాడు.

ఇక్కడ ఎవరికైనా వచ్చే అభ్యంతరం తెలిసిందే. ఒక తెల్ల దర్శకుడు, ఒక చెవిటి నల్ల పిల్లవాడు. ఆ పిల్లవాడి వెలితిని రంగస్థలం మీద పెట్టాడు, దాని మీద పేరు తెచ్చుకున్నాడు. పిల్లవాడు ఒప్పుకున్నాడా? ఒప్పుకోవడానికి కావలసిన మాటలు వాడి దగ్గర ఉన్నాయా? ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఇందులో ఒక ఊహ దాగి ఉంది: రంగస్థలం మీద ఉన్నది పిల్లవాడి లోపం అని. 'డెఫ్‌మాన్ గ్లాన్స్'లో ప్రదర్శనకి పెట్టింది అది కాదు. ఆ కొన్ని గంటలు చెవులున్న ప్రేక్షకులు వాడి దేశంలో కాందిశీకులు. అక్కడ వాళ్ళ భాష చెల్లదు, వాడిది చెల్లుతుంది. బొమ్మల కొలువులో పెట్టడానికీ, ఇంటి పెత్తనం ఇవ్వడానికీ ఉన్నంత తేడా ఉంది ఇక్కడ.

రెండో పిల్లవాడు క్రిస్టఫర్ నోల్స్. 1959లో పుట్టాడు. చిన్నప్పుడు మెదడు దెబ్బతిన్నదన్నారు, ఆటిజం అన్నారు, ప్రత్యేక పాఠశాలలో పెట్టారు. 1973లో వాడు రికార్డు చేసుకున్న టేపు ఒకటి విల్సన్ చేతికొచ్చింది. ఎమిలీ అనే అమ్మాయికి టీవీ అంటే ఇష్టం అనే ఒక్క వాక్యాన్ని పట్టుకుని, తిప్పి, పెంచి, తుంచి, మళ్ళీ పెంచి వాడు మాట్లాడుకున్న టేపు అది. వినేవాళ్ళకి పిచ్చి గొణుగుడు. విల్సన్‌కి అందులో లెక్క వినిపించింది. ఆ డిసెంబరులో బ్రూక్లిన్‌లో 'ది లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ జోసెఫ్ స్టాలిన్' మొదలవబోతుండగా, చూడ్డానికి వచ్చిన ఆ పిల్లవాడిని వేదిక మీదకి వస్తావా అని అడిగి తీసుకెళ్ళాడు. ఇద్దరూ అప్పటికప్పుడు ఆ టేపులోని మాటలతో ఆడుకున్నారు. తర్వాత తల్లిదండ్రులతో మాట్లాడి పాఠశాల మాన్పించి తనతో పనిచేయించుకున్నాడు. 1976లో 'ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్'కి పాఠ్యం రాసినవాళ్ళలో ముఖ్యుడు ఈ నోల్సే. లూసిండా చైల్డ్స్, శామ్యూల్ జాన్సన్ అనే వృద్ధ నటుడు మిగతా కొంచెం రాశారు.

'ఐన్‌స్టైన్' గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే ఇక్కడే నాకు విల్సన్ పరిచయం. ఇంజినీరింగ్ హాస్టల్లో రాత్రిపూట ప్రోగ్రాములు రాసుకుంటూ ఫిలిప్ గ్లాస్ సంగీతం వినడం అలవాటైంది, అందులోంచి ఇక్కడికొచ్చాను. 2014లో పారిస్‌లోని షాత్లే థియేటర్లో తీసిన ప్రదర్శన ఉంది, నాలుగు గంటల పైమాటే. నాలుగు అంకాలు. వాటి ముందూ, మధ్యా, చివరా 'నీ ప్లే' అనే మోకాలి కీళ్ళలాంటి ఐదు చిన్న ఘట్టాలు. కథ లేదు. రైలు, న్యాయస్థానం, అంతరిక్షనౌక అనే మూడు బొమ్మలు మాటిమాటికీ రూపు మార్చుకుని తిరిగొస్తాయి. అందరూ ఐన్‌స్టైన్ వేసుకునే తరహా తెల్లచొక్కా, పట్టీలున్న ప్యాంటు వేసుకుంటారు. వాద్యబృందానికీ వేదికకీ మధ్య ఐన్‌స్టైన్ వేషంలో ఒకరు కూర్చుని వయొలిన్ వాయిస్తుంటారు. విరామం ఉండదు, ప్రేక్షకులు ఎప్పుడైనా లేచి వెళ్ళొచ్చు, తిరిగి రావచ్చు. తెల్లవార్లూ సాగే వీధిభాగవతంలో మధ్యలో ఒక కునుకు తీసి మళ్ళీ అందుకునే జనానికి ఇది కొత్తేం కాదు గానీ, ఒపేరా హౌసుకి అలవాటు లేని సంగతి.

గాయకబృందం పాడేది అంకెలు, స్వరాల పేర్లు. ఒకటి రెండు మూడు నాలుగు. డో రే మీ. రిహార్సల్లో తాళం తప్పకుండా ఉండటానికి పెట్టుకున్న గుర్తుల్నే గ్లాస్ సాహిత్యంగా ఉంచేశాడు. సరళీ వరసలు పాడి పెరిగిన ఇంట్లోంచి వచ్చినవాళ్ళకి ఇందులో గొప్ప షాకేమీ ఉండదు, పైగా ఒక వరస నచ్చుతుంది. దీనికి నిజంగానే చుట్టరికం ఉంది: అరవైల మధ్యలో పారిస్‌లో ఒక సినిమా కోసం రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య లిపిలోకి రాసిపెట్టే పని గ్లాస్ చేశాడు. రవిశంకర్ దగ్గరా, తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గరా, చిన్న లయ ముక్కలకి ఒకటి కలుపుతూ, ఒకటి తీస్తూ పెద్ద కట్టడం కట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నోల్స్ టేపుని తలుచుకోండి. ఒక వాక్యానికి ఒక ముక్క కలపడం, ఒక ముక్క తీయడం. పండిట్ల దగ్గర గ్లాస్ నేర్చుకున్నదీ, తన గదిలో ఒంటరిగా ఆ పిల్లవాడు చేస్తున్నదీ ఒకే జాతి పని. ఆ రెండూ ఒకచోట కలుసుకోవడం వల్లే ఆ నాటకం నిలబడింది.

1976 జులై 25న అవిన్యోఁలో మొదటి ప్రదర్శన. నవంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌసుని, అది మూసి ఉండే ఆదివారం రాత్రులు చూసి, అద్దెకి తీసుకుని వేశారు. టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయి, అయినా నెత్తిన అప్పు మిగిలింది. గ్లాస్ మళ్ళీ టాక్సీ నడుపుకున్నాడు. విల్సన్ జర్మనీ, ఫ్రాన్సుల ప్రభుత్వ థియేటర్ల వైపు తిరిగాడు.

నోల్స్ రాసిన దాంట్లో ఒకచోట న్యూయార్క్ రేడియో స్టేషన్లో ఏ సమయానికి ఏ అనౌన్సరు వస్తాడో ఆ జాబితా అంతా ఉంటుంది. మొదటిసారి అది విన్నప్పుడు నేను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను. ఎందుకంటే మా అక్క కొడుకు రైల్వే అనౌన్స్‌మెంట్లు చెబుతాడు.

వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు. మామూలుగా మాట్లాడటం తక్కువ. కానీ సికింద్రాబాద్ స్టేషన్లో విన్న ప్రకటనలు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లోనూ, మధ్యలో వచ్చే టింగ్ శబ్దంతో సహా, ఆ ఆడగొంతు ఎక్కడ ఎత్తి ఎక్కడ దించుతుందో అచ్చం అలాగే చెబుతాడు. మొదట్లో వెళ్ళిన థెరపీ సెంటర్లో దీన్ని మాన్పించాలన్నారు. మొదలుపెట్టగానే దృష్టి మళ్ళించండి, అర్థంలేని వల్లెవేత, అలా వదిలేస్తే అసలు మాట రాదు అన్నారు. దీనికి ఎకోలేలియా అని పేరుంది. ఒకప్పుడు వైద్యులు చాలామంది అలాగే అనుకునేవారు. 1980ల మొదట్లో బ్యారీ ప్రిజంట్ వంటి పరిశోధకులు ఆ పిల్లల్ని ఓపికగా రికార్డు చేసి, ఈ వల్లెవేతల్లో చాలావాటికి పని ఉందని చూపించారు. అడగడానికి, వద్దనడానికి, తమని తాము ఊరడించుకోవడానికి అవి వాళ్ళకి మాటలే. మా వాడి సంగతి తెలుసుకోవడానికి మాకు ఆ పరిశోధన కూడా అక్కర్లేకపోయింది. ఒకరోజు పాలగ్లాసు పడేశాడు. అక్క ముఖం చూశాడు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అన్నాడు. అక్క ఆఫీసు నుంచి రావడం లేటయితే బాల్కనీలో నిలబడి, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా నడుచుచున్నది అంటాడు. బావ ముందు వస్తే ప్లాట్‌ఫారం నంబరు మార్చబడినది అంటాడు.

ఇప్పుడు అసలు చిక్కు. షార్ట్ ఫిల్ములు తీసే నా స్నేహితుడొకడు ఇంటికొచ్చినప్పుడు వీడి గొంతు విన్నాడు. ఒరేయ్, ఇది నాకివ్వరా, నా సినిమాకి సౌండ్‌ట్రాక్ ఇదే అన్నాడు. వాడు మంచివాడే, రుచి ఉన్నవాడు. అక్క నన్నడిగింది. నువ్వు ఇవన్నీ చదువుతావు కదరా, ఇవ్వొచ్చో లేదో నువ్వే చెప్పు అంది. విల్సన్ గురించి రెండు నెలలుగా చదవడం వెనక ఉన్నది ఇది.

నేను పనిచేసే చోట 'గిట్' అనే సాధనం ఉంటుంది, చాలామందికి తెలిసే ఉంటుంది. దాంట్లో 'బ్లేమ్' అని ఒక కమాండు. పేరు నింద గానీ పని చరిత్ర చెప్పడం. ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో చూపిస్తుంది. కానీ మీటింగులో వెనక కుర్చీలో కూర్చుని, సమస్య ఇక్కడ కాదేమో, అక్కడుందేమో అని ఒకమ్మాయి అన్న మాట వల్ల మొత్తం డిజైనే మారిపోతే, ఆ అమ్మాయి పేరు ఏ లైను మీదా ఉండదు. లైను రాసినవాళ్ళ పేరు నిలుస్తుంది. చూడటం నేర్పినవాళ్ళ పేరు నిలవదు.

ఈ రకంగా చూస్తే ఇద్దరు పిల్లల సంగతీ రెండు రకాలు. నోల్స్ లైన్లు రాశాడు. 'ఐన్‌స్టైన్' ఎప్పుడు, ఎక్కడ వేసినా పాఠ్యం దగ్గర అతని పేరుంటుంది. 2012లో మొదలై మూడేళ్ళు ప్రపంచం తిరిగిన పునఃప్రదర్శనలో అతని మాటల్ని శిక్షణ పొందిన నటీమణులు చెప్పారు. పిల్లవాడి నోట్లోంచి వచ్చిన ముచ్చట పోయిందని కొందరు బాధపడొచ్చు, నాకు మాత్రం అదే నచ్చింది. ఏ నాటకకర్త మాటలైనా ఇతరుల నోళ్ళలోకి వెళ్ళాల్సిందే, నోల్స్‌కి దక్కింది ఆ మామూలు మర్యాదే. అతని టైప్‌రైటర్ బొమ్మలకి 2015లో ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. విల్సన్ కథలో పాత్రగా మొదలైనవాడు తన కథకి తానే కర్త అయ్యాడు.

ఆండ్రూస్ ఇచ్చింది లైన్లు కాదు. చూపు. దానికి కాపీరైటు పెట్టే వీలు లేదు. విల్సన్ అతని పేరు దాచలేదు. 'డెఫ్‌మాన్ గ్లాన్స్' ఆ పిల్లవాడితో కలిసి చేసిందని ఎప్పుడూ చెప్పాడు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ చూపు ఆ ఒక్క నాటకంతో ఆగలేదు కదా. మాటకంటే ముందు కదలిక. కదలిక ఎంత నిదానమంటే వేలు మడవడం కూడా ఒక సంఘటన. వెలుతురు మాటతో సమానం. ముందు మౌనంగా కదలికలన్నీ కట్టుకుని, వాటికి నంబర్లు వేసుకుని, ఆ తర్వాతే పాఠ్యం కలపడం. వినపడని పిల్లవాడి లోకం ఎలా ఉంటుందో అలా నిర్మించిన పద్ధతి ఇది. తర్వాతి నలభై ఏళ్ళలో దీనికి 'విల్సన్ శైలి' అని పేరు స్థిరపడింది. ఆ శైలిలో పారిస్‌లో 1993లో 'మదామా బటర్‌ఫ్లై' వచ్చింది. 1998లో న్యూయార్క్‌లో 'లోహెన్‌గ్రిన్' వస్తే ప్రేక్షకులు గోల చేశారు. 2004లో ఇండోనేసియాలోని బూగిస్ జాతి పురాణం 'ఇ లా గలిగో' అదే నీలి తెర ముందు, అదే వెలుతురులో కదిలింది. దాన్ని తునకలుగా చూశాను. అందంగా ఉంది. రహయు సుపంగ్గా సంగీతం నాకు చాలా నచ్చింది. కానీ బూగిస్ వాళ్ళు వచ్చాక ఆ రంగస్థలంలో మారిందేమిటని వెతికితే నాకు గట్టిగా ఏమీ దొరకలేదు. కథ మారింది, దుస్తులు మారాయి, చూపు అదే.

నా ఇబ్బంది ఇక్కడే. విల్సన్ మొదటి రోజుల్ని అందరూ అనుమానంగా చూస్తారు, చివరి దశాబ్దాల్ని అందరూ పూజిస్తారు. నాకు తిరగేసి కనిపిస్తోంది. మొదట్లో ఒక పిల్లవాడు వచ్చాడు, వాడి కోసం నాటకం అనే రూపమే వంగింది: మాటలు పోయాయి, గంటలు పెరిగాయి, డబ్బులిచ్చి వచ్చినవాళ్ళకి విసుగు పుట్టే ప్రమాదాన్ని దర్శకుడు నెత్తిన వేసుకున్నాడు. తర్వాత్తర్వాత రూపం గట్టిపడిపోయింది. ఎవరొచ్చినా వాళ్ళే దానికి తగ్గట్టు వంగాలి. ముఖానికి తెల్లరంగు పూసుకుని, చెయ్యి ఇంత ఎత్తులో ఆపి, లెక్కపెట్టుకుంటూ తిరగాలి. ఒక మనిషికి చోటివ్వడానికి పుట్టిన పద్ధతి, ఆ మనిషి లేకుండానే నడవడం నేర్చుకుంది. వాడుకోవడం అనే మాట వాడక తప్పదంటే నేను ఇక్కడ వాడతాను.

దీనికి ఒక గట్టి జవాబుంది, దాన్ని దాటవేయలేను. ఇసబెల్ హ్యూపేర్ అంతటి నటి 1993లో 'ఓర్లాండో' చేసింది, 2006లో మళ్ళీ వచ్చింది, 2019లో 'మేరీ సెడ్ వాట్ షి సెడ్' కోసం మళ్ళీ వచ్చింది. బలవంతంగా వంచే చోటికి అలాంటి మనిషి మూడుసార్లు ఎందుకొస్తుంది? కదలికలన్నీ ముందే బిగిసిపోయి ఉంటే లోపల మనసుకి స్వేచ్ఛ దొరుకుతుందని విల్సన్ పక్షం వాళ్ళు వాదిస్తారు. మనకీ ఈ వాదన తెలియనిది కాదు, కూచిపూడి నర్తకిని అడగండి, అడుగు స్థిరపడ్డాకే అభినయం వస్తుందంటుంది. ఒప్పుకుంటాను. కానీ హ్యూపేర్ తన కాళ్ళతో వచ్చింది, ఇష్టం లేకపోతే తన కాళ్ళతో వెళ్ళిపోగలదు. ఆ పద్ధతి వంచడాన్ని ఆనందంగా భరించగల శక్తి ఆమెకుంది. పద్ధతి పుట్టింది ఆ శక్తి లేనివాళ్ళ దగ్గర.

మరి స్నేహితుడికి ఏం చెప్పానంటే. గొంతు ఇస్తాం, కానీ కొన్ని షరతులు. పేరు వెయ్యాలి, 'ప్రత్యేక కృతజ్ఞతలు'లో కాదు, సౌండ్ అని రాసి దాని పక్కన వెయ్యాలి. డబ్బు అంటూ ఎవరికిచ్చినా వాడికీ ఇవ్వాలి. రికార్డింగు వాడికి వినిపించాలి. విని చెవులు మూసుకున్నా, అక్కడి నుంచి వెళ్ళిపోయినా అదే వాడి జవాబు, మళ్ళీ అడగకూడదు. ఇవన్నీ వెంటనే ఒప్పుకున్నాడు. చివరిది మాత్రం కష్టంగా ఉంది వాడికి. ప్రకటన మధ్యలో కోయకూడదన్నాను. బొమ్మలకి సరిపడా ముక్కలు చేసుకుంటే అది వీడి గొంతు అవుతుంది గానీ వీడు అవడు, కావాలంటే నీ షాట్లు పెంచుకో అన్నాను. మూడు భాషల్లో, దారిలో ఆగే స్టేషన్లతో సహా, వాడు మొదలుపెట్టి ముగించడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఫెస్టివల్ వాళ్ళు పన్నెండు నిమిషాలకి మించి సినిమా తీసుకోరట. స్నేహితుడు తన స్క్రిప్టు ముందు వేసుకుని ఏ సీను తీసెయ్యాలా అని లెక్కలు కడుతున్నాడు. అక్క వాడికి టీ పెట్టింది. పిల్లవాడు బాల్కనీలో ఉన్నాడు.